ప్రతిదానికీ ‘ప్యాషన్’ అనకుండా, మీ ఇష్టాన్ని ఇంగ్లీషులో సరిగ్గా చెప్పడం ఎలా

అడిగే మనుషులు మారుతుంటారు గానీ ప్రశ్న మాత్రం ఒకటే: “ప్యాషన్ అనే మాటకి బదులు ఇంకేం వాడొచ్చు?” ఉద్యోగానికి అప్లికేషన్ రాసేవాళ్లు అడుగుతారు, యూనివర్సిటీకి స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ రాసేవాళ్లు అడుగుతారు, ఇంటర్వ్యూ దగ్గరపడి టెన్షన్‌లో ఉన్నవాళ్లు అడుగుతారు. తెలిసినవాళ్ల పేరాలు సరిదిద్ది పంపడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్తున్నదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఆ ప్రశ్నకి ఒక్క పదంతో జవాబు దొరకదు. ఎందుకంటే మనం ‘ప్యాషన్’ అని రాసిన చోటల్లా మనసులో ఉన్నది ఒకటే భావం కాదు. ఒకచోట తపన ఉంటుంది, ఒకచోట మక్కువ, ఒకచోట తహతహ, ఇంకోచోట మామూలు ఆసక్తి. తెలుగులో మాట్లాడుకునేటప్పుడు వీటిని ఎవరూ కలగలిపేయరు. “నాకు ఆ ఉద్యోగమంటే వ్యామోహం” అని ఎవరైనా అంటారా? అనరు, చెవికే తేడా తెలిసిపోతుంది. ఇంగ్లీషులోకి రాగానే మాత్రం అన్నిటినీ ఒకే సంచిలో వేసేస్తాం. అందుకే ఈ పని తెలుగులో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగించాలి.

కావలసినవి

- మీరు ఇప్పటికే ఇంగ్లీషులో రాసుకున్న పేరా. బాగా లేకపోయినా ఫర్వాలేదు, ఖాళీ కాగితంతో మాత్రం కూర్చోవద్దు.
- ఒక పెన్ను. ఈ పని స్క్రీన్ మీద కన్నా కాగితం మీద తేలిక.
- నేర్చుకునేవాళ్ల కోసం చేసిన డిక్షనరీ: ఆక్స్‌ఫర్డ్ లర్నర్స్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్, ఈ మూడింటిలో ఏదైనా సరే. మూడూ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. వీటిలో ప్రతి పదానికీ ఉదాహరణ వాక్యాలు ఉంటాయి, మనకి కావలసింది అవే.
- ఫోన్‌లో వాయిస్ రికార్డర్. ఇంటర్వ్యూ కోసమైతే ఇది తప్పనిసరి.
- ఓ గంట సమయం.

థెసారస్, అంటే దగ్గరి అర్థాలున్న మాటలని ఒకచోట చేర్చే పుస్తకం, ఈ జాబితాలో లేదని గమనించారా? అది కావాలనే వదిలేశాను. థెసారస్‌లో ‘ప్యాషన్’ కింద ఇరవై మాటలు వరసగా కనిపిస్తాయి, అన్నీ ఒకటే అన్నట్టు. అందులోంచి కొత్తగా, గంభీరంగా కనిపించేది తీసి పెట్టేయడంతోనే సగం తప్పులు పుడుతున్నాయి. చివర్లో చూసుకోండి, మొదట్లో వద్దు.

1. ముందు తెలుగులో చెప్పుకోండి

మీ పేరాలో ప్యాషన్, ప్యాషనేట్, ఇంట్రెస్ట్, లవ్, ఎక్సైటెడ్ లాంటి మాటలున్న చోటల్లా గుండ్రంగా చుట్టండి. ఒక్కొక్క దాని పక్కన, ఇంట్లోవాళ్లతో అయితే ఈ ముక్కని ఎలా చెప్పేవారో ఆ తెలుగు మాట రాయండి. పుస్తకాల తెలుగు అక్కర్లేదు. “పిచ్చి” అనిపిస్తే పిచ్చి అనే రాయండి.

మాట తట్టకపోతే ఈ ప్రశ్నలు వేసుకోండి. ఇది నాలో ఏళ్ల తరబడి ఉన్నదా, ఈ మధ్యే వచ్చిందా? బయటికి కనిపించేదా, లోపల ఉండేదా? ఏదో జరగాలని ఎదురుచూస్తున్నానా, లేక ఇప్పటికే చేస్తున్న పని గురించి చెబుతున్నానా? దీనివల్ల నా నిద్రో, డబ్బో, వేరే పనులో ఏమైనా దెబ్బతిన్నాయా? ఈ నాలుగో ప్రశ్న కాస్త ఇబ్బందిగా ఉంటుంది గానీ, తపనకీ వ్యామోహానికీ తేడా అక్కడే తేలుతుంది.

2. తెలుగు మాటకి తగిన ఇంగ్లీషు గుంపు వెతకండి

అసలు పని ఇదే. తొందరపడకండి.

ఆసక్తి, అభిరుచి, మక్కువ అని రాసుకున్నారా? అయితే ‘ఇంట్రెస్టెడ్ ఇన్’, ‘ఫాండ్ ఆఫ్’, ‘కీన్ ఆన్’ సరిపోతాయి. ఇవి చిన్న మాటలని చిన్నచూపు చూడకండి. ఆసక్తిని ఆసక్తి అని చెప్పిన వాక్యం మీద చదివేవాళ్లకి నమ్మకం కలుగుతుంది. ‘కీన్’ బ్రిటిష్ ఇంగ్లీషులో ఎక్కువగా వినిపిస్తుంది, అమెరికన్లు మాటల్లో ‘ఇంటు’ అంటారు: “ఐయామ్ రియల్లీ ఇంటు ఫొటోగ్రఫీ”. ఈ ‘ఇంటు’ కబుర్లకే, అప్లికేషన్‌కి పనికిరాదు.

ఉత్సాహం, హుషారు అయితే ‘ఎన్‌థూజియాజమ్’. ప్యాషన్‌కీ దీనికీ తేడా చాలామందికి పట్టదు. ఉత్సాహం ముఖంలో, గొంతులో, కదలికలో కనిపిస్తుంది. ప్యాషన్ లోపల ఉండొచ్చు. నోరు విప్పని మనిషికి కూడా ప్యాషన్ ఉంటుంది, ఎన్‌థూజియాస్టిక్ అని మాత్రం అతన్ని ఎవరూ అనరు. ఇదే గుంపులో ‘గస్టో’, ‘జెస్ట్’ ఉన్నాయి. ‘విత్ గస్టో’ అంటే ఒక పనిని ఆస్వాదిస్తూ, జోరుగా చేయడం. ఆ మాట లాటిన్‌లో రుచికి సంబంధించినది కాబట్టే అందులో ఆ ఆస్వాదన ఉంది. ‘జెస్ట్’ ఎక్కువగా ‘జెస్ట్ ఫర్ లైఫ్’ అనే జతలో వస్తుంది.

తహతహ, ఆత్రం, ఉబలాటం, ఉవ్విళ్లూరడం: వీటన్నిటికీ ‘ఈగర్’. ఇది ఎప్పుడూ ముందుకి చూసే మాట, ఇంకా జరగని దాని గురించే వస్తుంది. “ఐయామ్ ఈగర్ టు లర్న్” సరైన వాక్యం. పదేళ్లుగా చేస్తున్న పనికి ఈగర్ అనకూడదు. దీని పక్కనే ‘యాంక్షస్’ ఉంది, జాగ్రత్త. అందులో ఆత్రంతోపాటు ఆందోళన కూడా ఉంటుంది. “యాంక్షస్ టు జాయిన్ యువర్ టీమ్” అంటే ఉద్యోగం వస్తుందో రాదో అని కంగారు పడుతున్నట్టు వినిపించే ప్రమాదం ఉంది.

తపన అని రాసుకున్నవాళ్లకి మాత్రం ‘ప్యాషన్’ వాడే హక్కు పూర్తిగా ఉంది, సిగ్గుపడకుండా వాడండి. దీనికి బంధువులు ‘ఆర్డర్’, ‘ఫర్వర్’. ఈ ఆర్డర్ ఆజ్ఞ అనే ఆర్డర్ కాదు. ఆ రెండూ వేరు మాటలు, స్పెల్లింగ్ కూడా వేరు. ఇది లాటిన్‌లో మండడం అనే అర్థం ఉన్న క్రియ నుంచి వచ్చింది, ఫర్వర్ మరగడం నుంచి వచ్చింది. మన తపన కూడా తప్ అనే ధాతువు నుంచి, అంటే వేడి నుంచి పుట్టిందే. రెండు భాషలూ ఇక్కడ ఒకే నిప్పు దగ్గర కూర్చున్నాయని నాకెప్పుడూ ఆనందంగా ఉంటుంది. వాడుకలో అయితే ఆర్డర్, ఫర్వర్ రెండూ కొంచెం బరువైనవి, రాతలోనే ఎక్కువ. మీ గురించి మీరు చెప్పుకునేటప్పుడు ఇవి అతకవు. ఒక ఉద్యమం గురించో, ఒకరి భక్తి గురించో రాసేటప్పుడు బాగుంటాయి.

దీక్ష, అంకితభావం అయితే ‘డెడికేటెడ్’, ‘కమిటెడ్’, ‘డివోటెడ్’. ఉద్యోగాల అప్లికేషన్లలో నిజానికి ఎక్కువమందికి కావలసిన గుంపు ఇదే. వాళ్లు చెప్పాలనుకునేది “రోజూ శ్రద్ధగా చేస్తాను” అని, రాసేది మాత్రం ప్యాషన్ అని. ‘జీల్’ కూడా ఇక్కడిదే గానీ దానికి రెండు వైపులా పదునుంది. ‘జీల్’ వరకూ మంచి మాటే, ‘జెలస్’ (జెడ్ అక్షరంతో మొదలయ్యేది, అసూయ అనే జెలస్ కాదు) దగ్గర కొంచెం అతి కనిపిస్తుంది, ‘జెలట్’ దగ్గరికి వచ్చేసరికి మూర్ఖంగా పట్టుకున్నవాడు అనే అర్థం వచ్చేస్తుంది. ఒకటో శతాబ్దంలో రోమన్ పాలనని ఎదిరించిన ఒక యూదు వర్గాన్ని జెలట్లు అనేవారు, ఆ పేరే తర్వాత ఇలా మామూలు మాటగా మారింది.

పిచ్చి, వెర్రి అని రాసుకుంటే రెండు దారులున్నాయి. స్నేహితులతో అయితే ‘క్రేజీ అబౌట్’, ‘మ్యాడ్ అబౌట్’. మర్యాదగా రాయాలంటే పిచ్చిని దాచకుండానే రూపం మార్చాలి: పుస్తకాల పిచ్చికి ‘యావిడ్ రీడర్’ లేదా ‘వొరేషస్ రీడర్’, సినిమాల పిచ్చికి ‘ఫిల్మ్ బఫ్’, సైకిళ్ల పిచ్చికి ‘సైక్లింగ్ ఎన్‌థూజియాస్ట్’. వొరేషస్ అంటే ఆబగా మింగేసేది అని. పుస్తకాలని అలా మింగేసేవాళ్లకి అంతకన్నా మంచి మాట లేదు.

వ్యామోహం, మోజు: ‘అబ్సెషన్’, ‘ఇన్‌ఫాచ్యుయేషన్’, ‘క్రేజ్’. అబ్సెషన్ లాటిన్‌లో ముట్టడి. కోటని శత్రువులు చుట్టుముట్టినట్టు ఒక ఆలోచన మనిషిని చుట్టేసిందన్నమాట. ఈ మధ్య అందరూ “ఐయామ్ అబ్సెస్డ్ విత్ దిస్ సాంగ్” అని తేలిగ్గా అంటున్నారు, కబుర్లలో అది తప్పు కాదు. “ఐయామ్ అబ్సెస్డ్ విత్ క్వాలిటీ” అని రెజ్యూమేలో రాసేముందు మాత్రం, చదివే మనిషి పెద్దతరం వాళ్లయితే దాన్ని ఒక జబ్బులాగా అర్థం చేసుకోవచ్చని గుర్తుంచుకోండి. ఇన్‌ఫాచ్యుయేషన్ దాదాపు ఎప్పుడూ మనుషుల మీదే, అదీ త్వరగా తగ్గిపోయేది. మోజుకి చాలా దగ్గరి మాట.

ఇక ఆవేశం. గొంతు వణుకుతూ చేసే ప్రసంగానికి, వేడుకోలుకి ‘ఇంప్యాషన్డ్’ వాడతారు: “ఆన్ ఇంప్యాషన్డ్ ప్లీ”. అది మాటలకి వాడేది. మనిషిని ఇంప్యాషన్డ్ అనడం అరుదు. కోపం కలిసిన ఆవేశమైతే ‘వెహిమెంట్’, ముఖ్యంగా ఖండించడానికి, వ్యతిరేకించడానికి: “హి వెహిమెంట్లీ డినైడ్ ఇట్”.

పూనకం గురించి ఒక ముక్క. ఎన్‌థూజియాజమ్ గ్రీకులో ‘లోపల దేవుడున్న స్థితి’, అచ్చంగా మన పూనకం. ఇంగ్లీషులో కూడా 17, 18 శతాబ్దాల్లో అది తిట్టులాంటి మాట. నాకు దేవుడే నేరుగా చెప్పాడు అని ఊగిపోయేవాళ్లని అలా అనేవారు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన డిక్షనరీలో దానికి ఇచ్చిన మొదటి అర్థం కూడా దాదాపు ఇదే. ఇప్పుడు ఆ చెడ్డ అర్థం పూర్తిగా పోయింది, నిశ్చింతగా వాడండి. నేటి అర్థంలో పూనకాలకి, అంటే జనం ఊగిపోవడానికి, ‘ఫ్రెంజీ’ సరిపోతుంది.

3. పక్కన వచ్చే చిన్న మాటని సరిచూడండి

పెద్ద మాట సరిగ్గా ఎంచుకుని చిన్న మాట దగ్గర జారిపోయేవాళ్లే ఎక్కువ. తెలుగులో “మీద”, “అంటే”, “పట్ల” అన్నిటికీ నడిచిపోతాయి, ఇంగ్లీషులో ఒక్కో పదానికి ఒక్కో తోడు ఉంది. ఇవి బట్టీ పట్టేయండి, తర్కం వెతక్కండి:

- ప్యాషన్ ఫర్, కానీ ప్యాషనేట్ అబౌట్
- ఎన్‌థూజియాజమ్ ఫర్, కానీ ఎన్‌థూజియాస్టిక్ అబౌట్
- ఇంట్రెస్ట్ ఇన్, ఇంట్రెస్టెడ్ ఇన్
- కీన్ ఆన్ తర్వాత వస్తువు గానీ ‘ఇంగ్’ రూపం గానీ. కీన్ టు తర్వాత మామూలు క్రియ
- ఈగర్ టు తర్వాత క్రియ. ఈగర్ ఫర్ తర్వాత వస్తువు
- అబ్సెస్డ్ విత్, అబ్సెషన్ విత్
- ఫాండ్ ఆఫ్, ఎ ఫ్యాన్ ఆఫ్
- డెడికేటెడ్ టు, కమిటెడ్ టు, డివోటెడ్ టు

పై వరసలో నామవాచకానికి ‘ఫర్’, విశేషణానికి ‘అబౌట్’ అనే జత గమనించారా? ప్యాషన్‌కీ, ఎన్‌థూజియాజమ్‌కీ అదే పద్ధతి. ఈ ఒక్కటి గుర్తుంటే సగం తప్పులు పోతాయి. “ప్యాషన్ టువర్డ్స్ కోడింగ్”, “ప్యాషనేట్ ఇన్ టీచింగ్”, “ప్యాషనేట్ ఆన్ మ్యూజిక్”, ఈ మూడూ నాకు వచ్చే పేరాల్లో తరచూ కనిపించేవి, మూడూ తప్పే.

హెచ్చరిక: ‘డెడికేటెడ్ టు’ తర్వాత వచ్చే ‘టు’, ‘ఈగర్ టు’లోని ‘టు’ ఒకటి కావు. “ఈగర్ టు టీచ్” సరి. “డెడికేటెడ్ టు టీచ్” అనకూడదు, “డెడికేటెడ్ టు టీచింగ్” అనాలి. ఎలా గుర్తుపట్టాలంటే, ఆ ‘టు’ తర్వాత ‘మ్యూజిక్’ లాంటి ఒక నామవాచకం పెట్టి చూడండి. “డెడికేటెడ్ టు మ్యూజిక్” చక్కగా కుదురుతుంది, “ఈగర్ టు మ్యూజిక్” కుదరదు. కుదిరినచోట క్రియకి ‘ఇంగ్’ రూపం రావాలి.

4. జంట పదాలు చూడండి

ఇంగ్లీషులో కొన్ని మాటలు కొన్నిటితోనే కాపురం చేస్తాయి. ‘యావిడ్’ పక్కన రీడర్, కలెక్టర్, ఫ్యాన్ వస్తాయి. ‘ఆర్డెంట్’ పక్కన సపోర్టర్, అడ్మైరర్. ‘ఫర్వెంట్’ పక్కన హోప్, ప్రేయర్, బిలీఫ్. మార్చి పెడితే వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ చెవి ఒప్పుకోదు. “ఆన్ ఈగర్ రీడర్” అంటే ఫర్వాలేదు, “ఎ ఫర్వెంట్ ఇంజనీర్” అంటే చదివేవాళ్లు ఆగిపోయి మళ్లీ చదువుతారు.

యావిడ్ దాదాపు ఎప్పుడూ నామవాచకానికి ముందే నిలబడుతుంది. “ఐయామ్ యావిడ్” అని వాక్యాన్ని ఆపకండి.

‘కీన్లీ’ అనే మాటతో జాగ్రత్త. “కీన్లీ అవేర్” అంటే బాగా తెలుసు అని, అందులో ఉత్సాహం ఏమీ లేదు. అలాగే ‘డిస్‌ప్యాషనేట్’ అంటే ఆసక్తి లేనివాడు అనుకుంటారు. కాదు, ఏ పక్షానికీ మొగ్గకుండా ఆలోచించేవాడు, అది మెచ్చుకోలు. ‘కంప్యాషన్’ ఇంకో దారి. ప్యాషన్‌కి పాత అర్థం బాధపడటం కాబట్టి, కంప్యాషన్ అంటే ఎదుటివారితో కలిసి బాధపడటం, కరుణ. పేషెంట్ అనే మాటది కూడా అదే మూలం.

5. ఎక్కడ రాస్తున్నారో చూసుకోండి

స్నేహితుడికి మెసేజ్ అయితే ఏదైనా నడుస్తుంది. ఉద్యోగానికైతే ఎన్‌థూజియాస్టిక్, కమిటెడ్, కీన్, ఈగర్ అనే నాలుగు మాటలతో పని అయిపోతుంది, ప్యాషనేట్ ఒక్కసారి, మొత్తం పేజీలో ఒక్కసారే. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌కి కూడా అదే లెక్క. చదివేవాళ్లు ఆ మాటని ఆ రోజే ఎన్నిసార్లు చూసి ఉంటారో ఆలోచించండి.

మనుషుల గురించి రాసేటప్పుడు ప్యాషన్ జోలికి వెళ్లకండి. “ఐ హావ్ ఎ ప్యాషన్ ఫర్ మై క్లయింట్స్” అంటే ప్రేమ వ్యవహారంలా వినిపిస్తుంది. “ఐ కేర్ అబౌట్ మై క్లయింట్స్” అంటే చాలు.

‘ఎన్‌థూజ్’ అనే క్రియ గురించి అడుగుతుంటారు. అది ఎన్‌థూజియాజమ్ నుంచి వెనక్కి విరిచి చేసిన మాట, 19వ శతాబ్దం నుంచి ఉంది, డిక్షనరీల్లోనూ ఉంది. అయినా దాన్ని ఇష్టపడనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అధికారికమైన రాతలో “ఐయామ్ ఎన్‌థూజ్డ్” బదులు ఎన్‌థూజియాస్టిక్ వాడండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు.

6. పలికి చూడండి

రాయడం వరకే పని ఉన్నవాళ్లు దీన్ని దాటేయొచ్చు. ఇంటర్వ్యూ ఉన్నవాళ్లు దాటొద్దు.

జెలస్ అని మనం తెలుగులో రాస్తే, ఇంగ్లీషులో రెండు మాటలకి ఒకే రూపం వచ్చేస్తుంది: ఒకటి దీక్ష గలవాడు, రెండోది అసూయ గలవాడు. మొదటిది జెడ్ అక్షరంతో, రెండోది జె అక్షరంతో మొదలవుతుంది. రెండూ ఒకే గ్రీకు మూలం నుంచి వచ్చినవే, అయినా ఇప్పుడు అర్థాలు దూరం. ఒకమ్మాయి మాక్ ఇంటర్వ్యూలో “ఐయామ్ ఎ జెలస్ వర్కర్” అంది, రాసుకున్నది సరిగ్గానే ఉంది, నాకు వినిపించింది మాత్రం అసూయ. అప్పటి నుంచి నేను అందరికీ చెప్పేది ఒకటే: మాటల్లో ఆ పదం వద్దు. “వెరీ డెడికేటెడ్” అనండి. తప్పదంటే ఇలా సాధన చేయండి: ‘స్‌స్‌స్’ అని పాములా ఊదుతూ, గొంతు మీద వేలు పెట్టి, నాలుక కదపకుండా గొంతు కలపండి. తేనెటీగ చప్పుడు వస్తే అదే జెడ్. నాలుక అంగిలికి అతుక్కుంటే అది జె.

ప్యాషన్, ఫ్యాషన్ కూడా కలిసిపోతుంటాయి. ‘ప’కి పెదవులు రెండూ మూసుకోవాలి, రెండోదానికి పైపళ్లు కింది పెదవిని తాకాలి. ప్యాషనేట్ అని నేను ఇక్కడంతా రాస్తున్నాను గానీ పలికేటప్పుడు చివర ‘నేట్’ ఉండదు, ‘ప్యాషనట్’ అన్నట్టు తేలిగ్గా ముగుస్తుంది. ఎన్‌థూజియాజమ్‌లో ఒత్తు రెండో ముక్క ‘థూ’ మీద. వీటిని నాలుగైదుసార్లు రికార్డు చేసి, డిక్షనరీలో ఉన్న ఆడియో పక్కన పెట్టి వినండి.

7. మాట పక్కన రుజువు పెట్టండి

“ఐయామ్ ప్యాషనేట్ అబౌట్ ఆస్ట్రానమీ” అని రాసి ఆపేస్తే, ఆ వాక్యం ఎవరైనా రాయగలరు. వెంటనే రెండో వాక్యం రావాలి: ఎప్పటి నుంచి, ఏం చేశారు, ఎంత సమయం పెట్టారు. “ఫర్ టూ ఇయర్స్ ఐ హావ్ కెప్ట్ ఎ నోట్‌బుక్ ఆఫ్ జూపిటర్స్ మూన్స్”, అంటే రెండేళ్లుగా గురుగ్రహం చందమామల గురించి నోట్‌బుక్ రాస్తున్నాను, అన్నారనుకోండి. ఇప్పుడు మొదటి వాక్యాన్ని కొట్టేసి చూడండి. ఏమీ పోలేదు కదా! చాలాసార్లు ఇలాగే జరుగుతుంది, రుజువు వచ్చాక విశేషణం అవసరమే ఉండదు. అప్పుడు ధైర్యంగా తీసేయండి.

రుజువు ఏమీ తట్టకపోతే కంగారు పడకండి, అబద్ధం మాత్రం రాయకండి. ఒకటో దశకి వెళ్లి తెలుగు మాట మార్చండి. అది తపన కాదు, ఆసక్తి అయి ఉంటుంది. “ఐయామ్ కీన్ టు లర్న్ మోర్ అబౌట్ ఇట్” అనే వాక్యం నిజాయితీగా ఉంటుంది, ఇంటర్వ్యూలో తిరిగి ప్రశ్నిస్తే నిలబడుతుంది కూడా.

తరచూ కనిపించే తప్పులు

“ఐయామ్ వెరీ ఎక్సైటింగ్ టు జాయిన్”. ఇది అన్నిటికన్నా ఎక్కువ. ఎక్సైటింగ్ అంటే ఎదుటివారికి ఉత్సాహం పుట్టించేది. మీకు కలిగింది కాబట్టి ‘ఎక్సైటెడ్’. ఇంట్రెస్టింగ్, ఇంట్రెస్టెడ్‌కి కూడా ఇదే సూత్రం. ఆ పని ఇంట్రెస్టింగ్, మీరు ఇంట్రెస్టెడ్.

“ఐయామ్ హావింగ్ ఎ ప్యాషన్”. తెలుగులో “ఉంది” అనేదాన్ని “కలిగి ఉన్నాను” అని మనసులో తర్జుమా చేసుకోవడం వల్ల వస్తుంది. “ఐ హావ్ ఎ ప్యాషన్”. ఆ ‘ఎ’ కూడా మరిచిపోవద్దు.

ఒకే వాక్యంలో మూడు మాటలు పేర్చడం: “ప్యాషనేట్, ఎన్‌థూజియాస్టిక్ అండ్ జెలస్ లర్నర్”. మూడు కలిస్తే బలం పెరుగుతుందనుకుంటారు, ఒకదాన్నొకటి తినేస్తాయి. ఒకటి ఉంచండి.

తీవ్రతని పెంచడానికి ‘హైలీ’ పెట్టడం. ప్యాషనేట్‌కి ‘డీప్లీ’ బాగా అతుకుతుంది, ఎన్‌థూజియాస్టిక్‌కి ‘జెన్యూన్లీ’. మామూలు ‘వెరీ’ రెండిటికీ సరిపోతుంది.

స్పెల్లింగ్‌లో, ఆర్డర్, ఫర్వర్, విగర్ లాంటివి బ్రిటిష్ పద్ధతిలో చివర ‘ఒ యు ఆర్’, అమెరికన్ పద్ధతిలో ‘ఒ ఆర్’. రెండూ సరైనవే, ఒకే పేజీలో కలపకూడదు. ‘విగరస్’ అని విశేషణం చేసినప్పుడు మాత్రం రెండు పద్ధతుల్లోనూ ‘జి’ తర్వాత ‘ఒ ఆర్’ వస్తుంది, ఆ ‘యు’ ఉండదు.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

మీ వాక్యాన్ని మళ్లీ తెలుగులోకి మార్చి, గట్టిగా చదవండి. ఒకటో దశలో రాసుకున్న తెలుగు మాటే తిరిగి వచ్చిందా? “ఆసక్తి” అని మొదలుపెట్టి “వ్యామోహం” దగ్గర తేలితే ఎక్కడో జారారు. నాకు తెలిసిన పరీక్షల్లో అన్నిటికన్నా నమ్మకమైనది ఇదే, ఎవరి సాయమూ అక్కర్లేదు.

తర్వాత జంటని సరిచూడండి. మీరు రాసిన రెండు మూడు మాటలని కోట్ గుర్తుల మధ్య పెట్టి సెర్చ్ చేస్తే ఆ వరస నిజంగా వాడుకలో ఉందో లేదో కొంత తెలుస్తుంది. ఇంకా గట్టిగా చూడాలంటే కోకా అనే అమెరికన్ ఇంగ్లీషు కార్పస్ ఉంది, అంటే నిజమైన రాతలనీ మాటలనీ పోగుచేసిన భండారం, వంద కోట్లకు పైగా పదాల పాఠం అందులో ఉంది, రిజిస్టర్ చేసుకుంటే ఉచితంగా వెతకొచ్చు. ‘ప్యాషనేట్’ కొట్టి దాని పక్కన ఏ చిన్న మాట ఎక్కువసార్లు వస్తోందో చూడండి, ‘అబౌట్’ ఎందుకన్నానో కళ్లారా కనిపిస్తుంది. అది కష్టమనిపిస్తే లర్నర్స్ డిక్షనరీలో ఉదాహరణ వాక్యాలు చదివినా చాలు.

చివరగా, ఆ పేరాని మీ పేరు తీసేసి మీకు బాగా తెలిసినవాళ్ల చేతికివ్వండి. “ఇది రాసిన మనిషికి ఏమిటంటే ఇష్టం, ఎంత ఇష్టం?” అని తెలుగులోనే అడగండి. వాళ్లు చెప్పే తెలుగు మాటా, మీ కాగితం మీద పెన్నుతో రాసుకున్న తెలుగు మాటా కలిస్తే పంపేయండి. కలవకపోతే రెండో దశకి వెళ్లి, ఆ ఒక్క పదాన్ని మార్చి, ఇంకొకరికి చూపించండి.